కృష్ణపింఛం అలియాస్ గుర్రపుడెక్క

రెండు నెలల కిందట మా మనవరాలు బెజవాడలో ఏదో ప్రదర్శనకు వెళ్ళి నాకో చేతిసంచీ తెచ్చింది. గోధుమరంగులో, జడల్లాగా అల్లిన పీచుతో చూడముచ్చటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి వాసన, దాని వెనకాల ఎక్కడో సన్నగా కాలవ వాసన. "ఇదేం పీచే?" అని అడిగితే, "గుర్రపుడెక్క నానమ్మా! కాలవల్లో పెరిగే కలుపుమొక్క లేదూ, దాని కాడలు ఎండబెట్టి అల్లుతారట" అంది. సంచీకి తగిలించిన చీటీ మీద ఇలా ఉంది: "ఈ సంచిని నీటికి దూరంగా ఉంచవలెను." అది చదివి నవ్వడం మొదలుపెట్టినదాన్ని ఆపలేకపోయాను. దగ్గు వచ్చింది, కళ్ళనీళ్ళు వచ్చాయి, మా కోడలు వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గుర్రపుడెక్కని నీటికి దూరంగా ఉంచాలిట! ఆ ఒక్క పనీ జరగకే కదా, నా చిన్నప్పుడు మా మామ్మ పరువు కాలవపాలైంది. అందుకు కారణం నేను. ఆ మాట మామ్మకి తప్ప ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో అడిగారని కాదు, చెప్పేస్తే ఆ సంచీ భుజానికి తగిలించుకుని హాయిగా తిరగొచ్చు కదా అని.

గుడివాడ నుంచి బందరు వైపు వెళ్ళే కాలవ గట్టు మీద మా ఊరు. మా తాతయ్య ఊరి కరణం. అంటే ఊళ్ళో పొలాల లెక్కలన్నీ ఆయన చేతిలో ఉండేవి, ఇంట్లో ఒక్క చెంబు కూడా ఆయన చేతిలో ఉండేది కాదు. ఇల్లంతా మామ్మ రాజ్యం. ఆ రాజ్యానికి రాజ్యాంగం మడి. తెల్లవారుతూనే స్నానం చేసి, ఎవరూ తాకకుండా దండెం మీద ఎత్తుగా ఆరేసిన చీరని కర్రతో దించి కట్టుకున్నదంటే, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆమె దరిదాపులకు ఈగ కూడా అనుమతి తీసుకునే వచ్చేది. బిందెలో కాలవ నీళ్ళు బురదగా ఉంటే ఇండుపగింజ అరగదీసి కలిపేది. గంటలో మట్టంతా అడుక్కి పోయి నీళ్ళు తేటగా మెరిసేవి. పిడకల పొగ, ఇంగువ, తడి చీర, ఇండుపగింజ గంధం, వీటన్నిటి వాసనా కలిస్తే మా మామ్మ. పెరట్లో మడి బావి వెనకాల తడికె కట్టించుకుంది. ఆ తడికె అవతలికి తాతయ్యకి కూడా ప్రవేశం లేదు. నాకు ఉండేది, అదీ పట్టులంగా కట్టుకుని, "ఎవర్నీ ముట్టుకోలేదు" అని మూడుసార్లు చెబితే.

ఆ తడికె వెనకాల ఒక రహస్యం ఉండేది. బందరులో తాతయ్య చెల్లెలు, అంటే మామ్మకి ఆడపడుచు, ఇంటి ముందు సిమెంటు తొట్టెలో ఒక వింత మొక్కని పెంచేది. నీటి మీద తేలుతుంది, ఆకు కింద కాడ బుడగలా ఉబ్బి ఉంటుంది, గుత్తులు గుత్తులుగా లేత ఊదారంగు పూలు. ప్రతి పువ్వులో పైరేకు మీద నీలం మచ్చ, దాని నడుమ పసుపు చుక్క, అచ్చం నెమలికన్ను. మామ్మ ఒక పిలక అడిగింది. "మనింటికి అచ్చొచ్చిన మొక్క వదినా, చెయ్యి మారితే బతకదు" అందిట ఆడపడుచు. తిరుగు ప్రయాణంలో బస్సులో మామ్మ ఒళ్ళో పెట్టుకున్న మరచెంబు లోంచి నీళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. నేను దాహమని ఏడ్చినా ఇవ్వలేదు. ఇంటికొచ్చి, తడికె వెనకాల పాత గంగాళంలో ఆ మరచెంబు వంచితే, ఊదా వేళ్ళు నలుపుకుంటూ ఒక పిలక బయటపడింది. "అడిగాను, ఇవ్వలేదు. కృష్ణుడు వెన్న అడిగి తిన్నాడా?" అంది మామ్మ నా వంక చూడకుండా. అందుకే దాని పేరు కృష్ణపింఛం అయింది. రోజూ ఒక గుత్తి పూజ గదిలో కృష్ణుడి పటానికి పెట్టేది. తాతయ్య దణ్ణం పెట్టుకుంటూ ఏం పూలివి అని ఒక్కనాడూ అడగలేదు. ఆయనకి పువ్వులన్నీ పువ్వులే.

చెయ్యి మారితే బతకదన్న మొక్క మామ్మ చేతిలో ఎలా బతికిందంటే, పదిహేను రోజుల్లో గంగాళం నిండిపోయింది. నెల తిరిగేసరికి గంగాళం అంచు మీదుగా బయటికి తొంగిచూడటం మొదలుపెట్టింది. ఎక్కువైన మొక్కల్ని ప్రతి ఆదివారం తట్టలో వేసి, "పెంటకుప్ప మీద పారేసి రావే. కాలవలో మాత్రం వెయ్యకు, మీ తాతయ్య చెల్లెలి మొక్క అని ఎవరైనా ఆనవాలు పడతారు" అని నాకప్పగించేది. పెంటకుప్ప దూరం కాదు. కానీ దాని మీద పక్కింటివాళ్ళ పుంజు కాపురం ఉండేది. ఎర్రటి జుట్టు, ఒంటి కన్ను, మోకాళ్ళ మీద గురి. నా రెండు మోకాళ్ళ మీదా దాని సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి. కాలవ రేవు పెంటకుప్ప కంటే దగ్గర, పైగా అక్కడ పుంజు లేదు. తట్ట తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మొక్కనే వదిలేదాన్ని. ముందు వెళ్ళేది పెళ్ళికూతురు, దాని వెనకాల పెళ్ళికొడుకు, ఆ వెనక సన్నాయి మేళం, చివర బుడగ కాడలు లావుగా ఉన్నది వియ్యపురాలు. ఊరేగింపు వంతెన కింద నుంచి సాగి వెళ్ళిపోతుంటే చేతులు ఊపి సాగనంపి ఇంటికొచ్చేదాన్ని. వర్షాకాలమంతా ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో చెప్పలేను.

పెళ్ళివాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. వంతెన అవతల వంపులో కాపురాలు పెట్టి పిల్లల్ని కన్నారు. మరుసటి ఏడు కాలవలకి నీళ్ళు వదిలిన తరవాత చూస్తే, వంపు నుంచి లాకుల దాకా పచ్చటి తివాచీ పరిచినట్టుంది, దాని నిండా ఊదా పూలు. రేవులో ఆడవాళ్ళు ముచ్చటపడి, "కరణంగారమ్మా, ఇదేం పువ్వండీ?" అని మామ్మని అడిగారు. మామ్మ ఒక్క క్షణం తడబడి, పువ్వు మొహం చూసి మురిసిపోయి, "కృష్ణపింఛం" అనేసింది. ఊరంతా అదే పేరు ఖాయమైంది. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. "పెంటకుప్ప మీదే కదూ పారేశావు?" "పెంటకుప్ప మీదే మామ్మా" అన్నాను. కళ్ళు పోతాయేమోనని ఆ రాత్రంతా కళ్ళు మూసుకోకుండా పడుకున్నాను.

పూలు బాగానే ఉన్నాయి కానీ వాటి కింద నుంచి నీళ్ళు కదలడం మానేశాయి. ఊడ్పుల రోజులు. దిగువ చేలవాళ్ళు నారు ముదిరిపోతోందని తాతయ్య అరుగు మీదికొచ్చి మొత్తుకున్నారు. తాతయ్యకి పౌరుషం వచ్చింది. "ఈ దరిద్రాన్ని కాలవలోకి వదిలిందెవరో తేలనీండి. నలుగురి ముందూ నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి, మొదటి మొక్క వాళ్ళ చేతే పీకిస్తాను. నా తోడబుట్టినవాళ్ళయినా సరే!" అని అరుగు అదిరేలా ప్రతిజ్ఞ చేశారు. గుమ్మం వెనకాల మామ్మ చేతిలో గరిటె జారిపోయింది. నా చేతిలో మాత్రం ఏమీ లేదు కాబట్టి నేనే జారి గాదె వెనక్కి పోయాను. నడుంలోతు అంటే తాతయ్య నడుమా, నా నడుమా అన్నది ఆ రోజుల్లో నాకు పెద్ద బెంగ. ఆయన నడుమైతే నేను మునిగిపోతాను.

ఇలా ఉండగా కాలవల ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. తాతయ్య కళ్ళజోడు కాడ విరిగి అప్పటికి వారం. నన్ను పిలిచి చదవమన్నారు. మా బడిలో గట్టిగా చదవడంలో నాదే పేరు. అర్థం సంగతి ఎవరూ అడిగేవారు కాదు. నేను గొంతు సవరించుకుని చదివాను. "గ్రామ పరిధిలో గుర్రపుడెక్కను కలిగియున్నవారు మూడు దినములలోగా దానిని సమూలముగా పెరికి, గట్టున ఎండబెట్టి, కాల్చివేయవలెను. ఉపేక్షించినవారు శిక్షార్హులు." తాతయ్య కాసేపు ఆలోచించారు. ఊళ్ళో ఎవరికీ తెలిసిన గుర్రపుడెక్క గుర్రం కాళ్ళకి ఉండేదే. "ప్రభుత్వం వారి ఆలోచన మనకెందుకు? ఏదో పశువుల జబ్బు అయ్యుంటుంది. తలారి చేత దండోరా వేయించెయ్" అని, కళ్ళజోడు బాగుచేయించుకుని, కాలవల ఓవర్సీరుగారిని కలిసి పింఛం సంగతి తేల్చుకుంటానని బందరు బస్సెక్కారు. తలారి డప్పు వాయిస్తూ వీధివీధీ తిరిగాడు. "గుర్రపుడెక్కలున్నోళ్ళు మూడ్రోజుల్లో ఏళ్ళతో సహా పీకి ఎండబెట్టి కాల్చెయ్యాలహో!"

ఊళ్ళో ఉన్నది ఒక్కటే గుర్రం. జట్కా మస్తాన్‌ది. దాని పేరు మెయిలు. పాసింజరు బండి కంటే నెమ్మదిగా వెళ్ళేది కాబట్టి ఊరివాళ్ళు వెక్కిరింతకి పెట్టిన పేరే మస్తాన్ గర్వంగా ఖాయం చేసుకున్నాడు. దండోరా విన్న పావుగంటలో మెయిలు తన జన్మలో మొదటిసారి పరిగెత్తింది, మస్తాన్ దాని ముందు పరిగెత్తాడు. ఇద్దరూ రొప్పుతూ మా పెరటి గుమ్మంలో ఆగారు.

"అమ్మగారూ! నాలుగు డెక్కలూ పీకేత్తే నా మెయిలు దేనిమీద నిలబడుద్దండీ? పీకటం కాకుండా ఎండబెట్టి కాల్చాలంటండీ! దానికి పాపం తెలీదు, పుణ్యం తెలీదు. గడ్డి తప్ప ఇంకోటి తెలీదు!"

"ఏడవకయ్యా మస్తానూ. ఆయన రానీ, నేను చెబుతాగా" అంది మామ్మ.

"రేపు ఓవర్సీరుగారు వత్తారంటండీ. కత్తులూ అవీ తెత్తారేమో. ఒక్క రెండ్రోజులు ఎక్కడైనా దాయండమ్మా."

మామ్మ ఇల్లంతా కలియజూసింది. ఎవరూ అడుగుపెట్టని చోటు ఊళ్ళో ఒక్కటే. తడికె వెనకాల. "మామ్మా, మడి!" అన్నాను. మామ్మ గుర్రాన్ని ఎగాదిగా చూసింది. "మనుషులకి మైల గానీ గుర్రానికేమిటే? సాక్షాత్తూ హయగ్రీవుడి మొహం. పైగా ఎవర్నీ ముట్టుకోలేదని చెప్పాల్సిన పని లేదు, అబద్ధమాడదు" అంటూ నా వంక ఒక చూపు చూసింది. మస్తాన్ పగ్గం విసిరాడు, మామ్మ కర్రతో అందుకుంది. మెయిలు మడి బావి వెనక్కి అత్తారింటికి వెళ్ళే కొత్తకోడలిలా తలొంచుకుని నడిచి వెళ్ళింది. మస్తాన్ మాత్రం గడ్డివాము పక్కన కాపలా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య కొత్త కాడ కళ్ళజోడుతో, ఓవర్సీరుగారితో సహా దిగారు. ఓవర్సీరు కుర్రవాడు, ఖాకీ నిక్కరు, తలమీద పెద్ద టోపీ. కృష్ణపింఛమంటే ఏమిటో కళ్ళారా చూస్తేగానీ చెప్పలేనన్నాడట. మామ్మ కాఫీ పంపింది. ఆయన గ్లాసు ఎత్తేసరికి తడికె వెనకనుంచి సకిలింపు.

"మీకు గుర్రం ఉందాండీ?" అన్నాడు ఓవర్సీరు.

"మా ఇంట్లో గుర్రమేమిటండీ! మా ఆవిడ దగ్గింది" అన్నారు తాతయ్య.

మామ్మ ఆయన వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఇంతలో తడికె ఒక పక్కకి ఒరిగింది. మెయిలు నెమ్మదిగా నడిచి వచ్చి వాకిట్లో నిలబడింది. నోట్లో కృష్ణపింఛం గుత్తి, కింద ఊదా వేళ్ళు గడ్డంలా వేలాడుతూ, ఎవరో పెద్ద సాధువులా ఉంది. రాత్రి నుంచి గంగాళం సగం ఖాళీ చేసింది మరి.

"అదిగో!" అని ఓవర్సీరు కుర్చీలోంచి లేచాడు. "అదే గుర్రపుడెక్క! పీకెయ్యండి!"

గడ్డివాము వెనకనుంచి మస్తాన్ ఒక్క గెంతులో వచ్చి గుర్రం ముందు కాళ్ళు రెండూ వాటేసుకున్నాడు. "వద్దు బాబూ! కాల్చాలంటే నా కాళ్ళు కాల్చండి! ఇవి పోతే పిల్లలకి కూడెట్టాగండీ!"

"నీ కాళ్ళెందుకయ్యా! దాని నోట్లోది!"

"నోట్లో డెక్కలుండవు బాబూ, పళ్ళుంటాయి! కావాలంటే చూడండి!" అని మస్తాన్ మెయిలు పెదవి పైకెత్తి చూపించాడు. మెయిలు ఓవర్సీరు మీద తుమ్మింది. ఆయన టోపీ మీద ఒక ఊదా పువ్వు అతుక్కుంది. ఆయన దాన్ని ఊడబీకి, రేకు మీది నెమలికన్ను చూసి, ఆ మొక్క ఆకు గుర్రపుడెక్క ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరనీ, కాలవని పూడ్చేస్తున్నది ఇదేననీ, గుర్రాల జోలికి ప్రభుత్వం వెళ్ళదనీ, దండోరా వేసేముందు ఒక్కసారి అడగాల్సిందనీ విడమరిచి చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. మస్తాన్ అంతసేపూ కాళ్ళు వదల్లేదు. చివరికి వదిలి నవ్వబోయి ఏడ్చాడు.

నవ్వనివాళ్ళం ఇద్దరమే, మామ్మ, నేను. తాతయ్య మొహం నెమ్మదిగా తడికె వైపు తిరిగింది. ఒరిగిన తడికె సందులోంచి గంగాళం కనిపిస్తోంది, అందులో మిగిలిన పూలు. ఆయన కొత్త కళ్ళజోడు సరిచేసుకుని మరీ చూశారు. "మా చెల్లెలింట్లో మొక్క కదూ ఇది?" అన్నారు. వాకిట్లో అప్పటికే పాతికమంది జనం. "గంగాళంలోది కాలవలోకి ఎలా వెళ్ళింది? ఎవరు వదిలారు?"

నేను నోరు తెరిచాను. నడుంలోతు నీళ్ళు కళ్ళముందు మెదిలాయి. తెరిచిన నోరు మూసేసుకున్నాను. మామ్మ కొంగు నిండుగా కప్పుకుని, గుమ్మం దాటి, మడి చీరతో మగవాళ్ళందరి మధ్యకీ వచ్చి నిలబడింది. "నేనే తెచ్చాను. నేనే వదిలాను. రేపు పొద్దున్న ఏ రేవులో దిగాలో చెప్పండి" అంది. తాతయ్యకి ప్రతిజ్ఞలు చెయ్యడమే అలవాటు, నెరవేర్చాల్సి రావడం అదే మొదటిసారి.

మర్నాడు ఊరంతా కొడవళ్ళతో, వెదురు గడలతో, తట్టలతో గట్టున ఉంది. కరణంగారి భార్య, పదేళ్ళుగా ఎవరి నీడా పడనివ్వని మనిషి, నలుగురి ముందూ కాలవలోకి దిగింది. నవ్వుదామని వచ్చినవాళ్ళు కూడా నవ్వలేదు. మామ్మ మొదటి మొక్క పీకి గట్టున పడేసి, రెండోది అందుకుంది. ఆమె చుట్టూ దూరం పాటిస్తూ ఆడా మగా దిగారు. కాసేపటికి మస్తాన్ భార్య పొరపాటున మోచెయ్యి తగిలించి, "అయ్యో అమ్మగారూ, మీ మడి!" అని నాలిక్కరుచుకుంది. మామ్మ నిలబడి ఆలోచించింది. "తలస్నానం చేస్తే పోతుందిగా మైల? పొద్దుటినుంచీ స్నానంలోనే ఉన్నాను. ఇంతకంటే మడి ఎవరికుంటుందే? రా, ఇద్దరం పట్టి లాగుదాం" అంది. ఆ మాటతో కాలవ కాలవంతా మడి అయిపోయింది. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ తాతయ్య, "మొదటి మొక్క పీకావుగా, ఇంక రా" అని రెండుసార్లు అన్నారు. మూడోసారి అనలేదు. గొడుగు మడిచి, చొక్కా విప్పి, ఆయనా దిగారు. పీకిన మొక్కల్ని ఊరవతలికి చేర్చడానికి జట్కా కట్టారు. గుర్రపుడెక్కని గుర్రమే మోసింది, దారిలో సగం తినేసింది.

నేను మామ్మ పక్కనే నిలబడ్డాను, నా నడుంలోతులో. సాయంత్రానికి ధైర్యం వచ్చింది. "మామ్మా, వదిలింది నేను. పెంటకుప్ప మీద పారెయ్యలేదు" అన్నాను ఏడుస్తూ.

"నాకు తెలుసులే, పీకు" అంది.

"ఎలా తెలుసు?"

"పెంటకుప్ప దాకా వెళ్ళొచ్చినదానివి ఒక్కనాడైనా గుమ్మంలో కాళ్ళు కడుక్కున్నావా? ప్రతి ఆదివారం ముత్యాల్లాంటి కాళ్ళేసుకుని వచ్చేదానివి."

"మరి ఎందుకు ఆపలేదు?"

మామ్మ చుట్టూ చూసింది, ఎవరూ వినడం లేదు. ఖాళీ అయిన నీళ్ళమీద పొద్దు వాలుతోంది. "గంగాళం ఎంతని? రేవుకెళ్ళినప్పుడల్లా కాలవ నిండా పూస్తే బాగుంటుందనిపించింది" అని, తప్పు చేసిన పిల్లలా నాలిక కొరుక్కుని, చేతిలో మొక్కని గట్టు మీదికి గిరాటేసింది. ఆ రోజు ఆమె మీద నాకు కలిగినంత ప్రేమ ఆ తరవాత ఎవరి మీదా కలగలేదు. ఆ మాట ఆమెకి చెప్పలేదు, అప్పుడు ముక్కు కారుతోంది.

ఇప్పుడు గుడివాడలో మా వీధి చివర కాలవ ఉంది. దాన్ని గుర్రపుడెక్క ఎప్పుడో ఆక్రమించుకుంది. ఏడాదికోసారి పెద్ద ఇనపచెయ్యి యంత్రం వచ్చి, గంటలో మా ఊరు రోజంతా చేసిన పని చేసి, అంతా గట్టు మీదే పడేసి వెళ్ళిపోతుంది. ఎవరూ దిగరు, ఎవరి పరువూ పోదు. వానకి మళ్ళీ జారి కాలవలో పడుతుంది. సంచీ వచ్చిన మర్నాడు నేను ఆ గట్టున నడుస్తూ, ఎవరూ చూడకుండా ఒక పిలక పీక్కొచ్చి డాబా మీద బకెట్టులో వేశాను. మామ్మ పోలిక ఎక్కడికి పోతుంది? పువ్వు పూసింది, పటానికి పెట్టాను, మనవరాలికి నెమలికన్ను చూపించాను. నిన్నటికి బకెట్టు అంచు దాటి తొంగిచూస్తోంది.

ఇవాళ పొద్దున్న ఎక్కువైన మొక్కల్ని ఆ సంచీలోనే వేసుకుని బయలుదేరాను. సంచీ తడిసి కారుతోంది. చీటీ మాట మన్నించలేదు. కాలవ పాతిక అడుగులు, ఖాళీ స్థలంలో చెత్తకుప్ప రెండు వీధులవతల. రాత్రి వానకి దారంతా బురద. చెత్తకుప్ప దాకా వెళ్ళేసరికి దాని మీద ఒక పుంజు నిలబడి ఉంది, ఎర్రటి జుట్టుతో. నా మోకాళ్ళ వంక చూసింది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కదలకుండా నిలబడి, ఒక్క మొక్క కూడా మిగల్చకుండా దులిపేసి వచ్చాను. గుమ్మం దగ్గర కోడలు, "అయ్యో, ఆ కాళ్ళేమిటి అత్తయ్యా! ఎక్కడ తిరిగొచ్చారు?" అంది. కుళాయి తిప్పి, రెండు కాళ్ళూ కింద పెట్టి, చాలాసేపు కడుక్కున్నాను.